ఒంటిగంట నుంచి రెండు దాకా

ఒంటిగంటకి బెల్లు కొట్టారు, నా చేతిలోంచి కెమిస్ట్రీ పేపరు లాక్కున్నారు, ఫోను ఒక కవర్లో వేసి అంటించి దాని మీద నాచేతే సంతకం పెట్టించారు, తీసుకొచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు. రెండింటికి లా పేపరు. నిజానికి రెండూ ఇవాళ పొద్దున పదింటికే ఒకేసారి పడ్డాయి. టైంటేబుల్ వేసేవాళ్లకి నేనొకదాన్ని ఉన్నానని ఏ సెమిస్టరులోనూ గుర్తుండదు. సైన్సూ లా కలిపి చదివే ఐదేళ్ల డిగ్రీ ఒకటుందనీ, అందులో ఒక మనిషి మిగిలి ఉందనీ, ఆ మనిషికి ఉన్నది ఒక్క ఒళ్లేననీ, అది రెండు హాళ్లలో ఒకేసారి కూర్చోలేదనీ ఎవరికీ తట్టదు. నేను వెళ్లి అర్జీ పెట్టుకున్నాక, పోనీలే పాపం అని, ఒకటి పొద్దున రాయి, ఇంకోటి మధ్యాహ్నం రాయి అంటారు. మధ్యాహ్నం నేను రాయబోయేది మిగతా క్లాసంతా పొద్దున్నే రాసేసిన పేపరు. అందులో ఏమొచ్చిందో నా చెవిన పడకుండా ఈ గంటసేపూ కాపలా. ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే రెండు పేపర్లూ రద్దు, మళ్లీ వచ్చే ఏడాదే. ఒక పేపరు కోసం రెండు ఎందుకు రద్దు చేయాలి అని వాదించొచ్చు, వాదించడానికి కూడా మాట్లాడాలి కదా. అయినా మాట్లాడకుండా ఉండడం నాకేం కొత్త? ఎనిమిది నెలలుగా చేస్తున్న పనే. ఇవాళ దానికొక రూలూ, ఒక గదీ, ఒక కాపలా మనిషీ ఇచ్చారు, అంతే.

కాపలా మనిషి స్టాంపు సార్. ఆఫీసులో హాల్‌టికెట్ల మీద ముద్రలు వేసే గుమాస్తా, ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. రాగానే రూల్సు కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివి వినిపించాడు. చదవడం అయ్యాక, "రూలు ప్రకారం నువ్వు నాతో కూడా మాట్లాడకూడదమ్మా. మంచినీళ్లు కావాలంటే మాత్రం చెప్పు" అన్నాడు. చెప్పడం అంటే మాట్లాడటమే కదా సార్ అన్నాను. పాడు బుర్ర, ఊరుకోదు. ఆయన పాపం నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "అయితే చెయ్యి చూపించు" అన్నాడు చివరికి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి ఎలా చూపించాలో కూడా నేర్పాడు. చేతి గడియారం తీసి బల్ల మీద నాకూ ఆయనకీ కనపడేట్టు నిలబెట్టాడు, అది పడుకుంది, మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ పడుకుంది, వదిలేశాడు. ఒంటిగంటా ఏడు. ఇంకా యాభై మూడు నిమిషాలు. ఈ యాభై మూడు నిమిషాల్లోనే, నాతో ఒకే గదిలో ఉన్న పిల్ల, అది, వెళ్లిపోతుంది. పొద్దున హాస్టల్ వార్డెన్ బల్ల మీద చూశాను, బయటికెళ్లే సామాన్ల పుస్తకంలో దాని చేతిరాత. మూడు పెట్టెలు, ఒక పరుపు, ఇవాళ రెండింటికి. దానికి ఇదే ఆఖరి పరీక్ష. ఎక్కడో ఎవరో వకీలు దగ్గర పనికి కుదిరిందట, అది కూడా నాకు స్నానాల గది దగ్గర ఎవరో ఎవరికో చెబుతుంటే తెలిసింది. హాల్లోంచి బయటికి రాగానే మెట్ల దగ్గర పట్టుకోవాలి, ఏదో ఒకటి అనేయాలి అని నెల రోజుల నుంచి అనుకుంటున్నాను. తీరా చూస్తే అది మెట్లు దిగే వేళకి సరిగ్గా నన్ను తెచ్చి ఇక్కడ పడేశారు. ఇంతకంటే దరిద్రం ఉంటుందా!

అది అంటే పిడుగు. మొదటి ఏడాది మొదటి రోజు మా ఏడుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి, డీన్ వచ్చి, మీరు ఈ కాలేజీకి రెండు కళ్లలాంటి వాళ్లు అని ఏదో మొదలుపెడితే, వెనకనుంచి "ఏడుగురికి పద్నాలుగు సార్" అంది ఒక సన్నటి గొంతు. ఆయనకి వినపడలేదు. నాకు వినపడింది. వెనక్కి తిరిగి చూశాను, అంతే, ఇక ఆ గొంతు నన్ను వదల్లేదు. ఏడుగురం మొదటి ఏడాది చివరికి నలుగురమయ్యాం, రెండో ఏడు సగంలో ఇద్దరమయ్యాం. పోయినవాళ్లు తెలివైనవాళ్లు, ఒక దారి చూసుకున్నారు, కొందరు అటు, కొందరు ఇటు. మిగిలిన మా ఇద్దరికీ పొద్దున సైన్సు బిల్డింగు, మధ్యాహ్నం లా బిల్డింగు, మధ్యలో మైదానం. తెల్లకోటు విప్పి సంచిలో కుక్కుతూ, రికార్డు పుస్తకం చంకలో పెట్టుకుని పరిగెత్తడం. అక్కడ సైన్సువాళ్లు మమ్మల్ని లాయరమ్మలు అనేవాళ్లు, ఏదైనా పోయినా పగిలినా "మీరు చూసుకోండి, మీకు కేసులు వచ్చుగా" అని ఎకసెక్కం. ఇటు లా వాళ్లు మేం రాగానే ముక్కు మూసుకునేవాళ్లు, ల్యాబు వాసనట. ఇద్దరం ఉన్నప్పుడు ఇదంతా పెద్ద తమాషా. నన్ను సీసా అనేది పిడుగు. మూత బిగించుకుని కూర్చుంటానట, కుదిపితే గాని లోపల ఏముందో తెలియదట. నేను ఉడుక్కుంటే ఇంకా అనేది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు. రిజిస్టరులో ఉన్న పేరుతోనే పిలుస్తారు అందరూ, అదీ అటెండెన్సు కోసం. ఒక్కదాన్నే అయ్యాక ఆ మైదానం ఎంత పెద్దదో తెలిసింది. నడుస్తుంటే అటునుంచి వచ్చేవాళ్లకి నేను ఎటు పోతున్నానో అర్థం కాదు, ఆ వేళకి అటు వెళ్లే క్లాసు ఇంకొకటి ఉండదు. మధ్యాహ్నం భోజనం ఏ బిల్డింగులో చేయాలో తేలక కొన్నాళ్లు మానేశాను. తర్వాత నడుస్తూ తినడం అలవాటు చేసుకున్నాను.

స్టాంపు సార్ డబ్బా మూత తీశాడు. ఇవతలికి వాసన రాకూడదనేమో కుర్చీ అటు తిప్పుకున్నాడు. పాత పరికరాలన్నీ తెచ్చి పడేసే గది ఇది, ఇలాంటి కాపలాకి ప్రతిసారీ ఇదే. విరిగిన స్టూళ్లు ఒకదాని మీద ఒకటి, కాళ్లు పైకి. పైపులు తీసేసిన గ్యాసు బర్నర్లు ఒక అట్టపెట్టెలో. గోడకి మూలకాల పట్టిక, కుడివైపు కింద చెదలు తినేసింది. ఆ చెదలు తిన్నవి పరీక్షలో ఎలాగూ రావు అనేవాడు మా ల్యాబు మాస్టారు. అదిగో, మళ్లీ ల్యాబు. ఎటు తిరిగి ఎటు పోయినా అక్కడికే వస్తుంది నా బుర్ర. ఆ బర్నర్ల పక్కనే చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం, బ్యూరెట్టు కూడా ఒకటుంది, కింద తిప్పే బిళ్ల ఊడిపోయింది. మేం వాడినది అది కాదు. మేం వాడినదానికి బిళ్ల ఉంది, కారేది. కారుతోందని చెబితే "మార్చుకోండి" అన్నాడు మాస్టారు, మార్చుకుందామంటే స్టోరు మూసేశారు. ఐదింటికి ల్యాబుకి తాళం వేస్తారు, నాలుగూ నలభైకి మాకు ఒకే ఒక్క రీడింగు వచ్చింది. మూడు కావాలి, మూడూ దగ్గర దగ్గరగా రావాలి, అప్పుడే లెక్క. చుక్క చుక్కగా పడుతుండగా ఫ్లాస్కులో నీళ్లు లేత గులాబీ రంగుకి తిరిగిన ఆ ఒక్కసారీ పద్దెనిమిది పాయింటు నాలుగు. పిడుగు నా వంక చూసింది, నేను గడియారం వంక చూశాను, ఇద్దరం నవ్వుకున్నాం. రెండోదీ పద్దెనిమిది పాయింటు నాలుగే అని రాశాం. మూడోది కూడా అదే రాయబోతుంటే నా చేతి మీద ఒక్కటేసి, "మూడూ ఒకటే వస్తే ఎవరు నమ్ముతారే? పాయింటు ఐదు రాయి" అంది. రాశాను. దాని పుస్తకంలో అది, నా పుస్తకంలో నేను, పక్క పక్కన స్టూళ్ల మీద, మోచేతులు తగులుతూ. ఇద్దరికీ పదికి తొమ్మిది వేశారు. ఆ సాయంత్రం ఎంత నవ్వామో! దొంగతనం అని అనిపించనే లేదు. ల్యాబులో ఎవరు చేయరు గనక? ఎవరు చేయరు అన్నది సాకు అని లా క్లాసులో ఎవరైనా చెబుతారు, తెలుసు, నేను కూడా చెబుతాను, అడిగితే.

అడిగితే. అడిగింది నేనే కదా. మూట్ కోర్టు అంటే ఉత్తుత్తి కోర్టు, పిల్లలం మేమే వకీళ్లం, మేమే సాక్షులం. ఆ ఏడు కేసు ఒక ఫ్యాక్టరీ చెరువులోకి విషం వదిలిందని. నీళ్లు పరీక్ష చేసిన నిపుణురాలి వేషం పిడుగుది, ఫ్యాక్టరీ తరఫు వకీలు వేషం నాది. సైన్సు తెలిసినవాళ్లు మేం ఇద్దరమే కాబట్టి అలా పంచారు. జడ్జీలు ముగ్గురు, శాస్త్రం సంగతి చూడ్డానికని అందులో మా ల్యాబు మాస్టారుని కూడా కూర్చోబెట్టారు. పిడుగు బోనులో నిలబడి అద్భుతంగా చెబుతోంది. నా ప్రశ్నలన్నీ తుక్కు తుక్కు చేస్తోంది, హాలంతా నవ్వుతోంది, నా వైపు పాయింట్లు పడిపోతున్నాయి. నాకు ఒళ్లు మండింది. కారణం ఇంకేం లేదు, ఒళ్లు మండింది, అంతే, ఎనిమిది నెలల నుంచి వేరే కారణం వెతుకుతున్నాను, దొరకలేదు. "మీరెప్పుడైనా రీడింగు చూడకుండా రాశారా?" అన్నాను. వేషంలో ఉన్న నిపుణురాలు లేదు అని చెప్పాలి. చెబితే అయిపోయేది. రాసిచ్చిన కథలో అదే ఉంది. కానీ అది నా కళ్లలోకి చూసింది. నేను ఎవర్ని అడిగానో దానికి తెలిసిపోయింది. నాకూ తెలిసింది, నోట్లోంచి వచ్చేశాక. "రాశాను. ఒకసారి" అంది. ఎంత వెర్రిది కాకపోతే ఉత్తుత్తి ప్రమాణానికి నిజం చెబుతుంది! ఇంకేం ప్రశ్నలు లేవు అని కూర్చున్నాను. చప్పట్లు. ఆ ఏడు ఉత్తమ వకీలు కప్పు నాకే ఇచ్చారు.

మర్నాడు మాస్టారు దాన్ని పిలిచి ఏ ప్రయోగం అని అడిగాడు. చెప్పింది. పక్కన ఎవరున్నారు అని అడిగాడు. "తను సింకు దగ్గర సీసాలు కడుగుతోంది సార్, రాసింది నేనే" అంది. నేను ఆ గది బయటే ఉన్నాను. తలుపు ఓరగా ఉంది. లోపలికి వెళ్లి, కాదు సార్, నేనూ రాశాను అనడానికి నాలుగడుగులు. వేయలేదు. నాన్న గుర్తొచ్చాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు నాన్న. వచ్చిన ప్రతివాళ్లకీ కళ్లజోడు పెట్టి చూపిస్తూ "మా అమ్మాయి రెండు చదువుతోందండీ, ఒకేసారి" అంటాడు. బోర్డు మీద అక్షరాలు చదవమంటే వాళ్లు ముందు నా గురించి వినాలి. రేపటి నుంచి ఏమంటాడు? అని అప్పుడు అనుకున్నాను. నాన్నని అడ్డం పెట్టుకున్నాను, అంతకంటే ఏం లేదు. పిరికిదాన్ని. దాని ల్యాబు మార్కులు కొట్టేశారు, జూనియర్లతో కూర్చుని మళ్లీ అన్నీ మొదటి నుంచి చేయమన్నారు. అది చేయలేదు. సైన్సు సగం వదిలేస్తున్నానని అర్జీ ఇచ్చి, ఉత్త లా చదివేవాళ్ల బ్లాకుకి గది మార్చుకుంది. నేను కెమిస్ట్రీ క్లాసు నుంచి వచ్చేసరికి దాని మంచం మీద పరుపు లేదు. చెక్కలు కనపడుతున్నాయి. వార్డెన్ ఇంకొకరిని వేస్తానంది, వేయలేదు. రెండు చదువుల మనిషితో ఉండటానికి ఎవరూ రాలేదేమో. ఆ చెక్కల మీద నా పుస్తకాలు పెట్టుకోవచ్చు కదా, పెట్టుకోలేదు. వస్తుందేమో అని. ఎంత పిచ్చి! వస్తుందేమో అని రెండు నెలలు తలుపు గడియ పెట్టకుండా పడుకున్నాను.

పెద్ద దూరమేం కాదు, మైదానానికి అవతల, నడిస్తే ఆరు నిమిషాలు. ఫోన్లో సారీ అని కొట్టి పంపడానికి ఆరు సెకన్లు. నేను ఏం చేశాను? ముసాయిదాలు రాశాను. ఒకటో ముసాయిదాలో అంతా నా తప్పే అని రాసి, అలా ఒప్పుకుంటే రేపు ఎవరైనా చూస్తే అని కొట్టేశాను. మూడో దాంట్లో 'ఒకవేళ నా ప్రశ్న వల్ల నీకు బాధ కలిగి ఉంటే' అని రాశాను. ఛీ, లాయరు నోటీసు. ఏడో దాంట్లో ఒక బొమ్మ మాత్రం పెట్టాను, చేతులు జోడించింది. పదకొండు అయ్యాయి, ఒక్కటీ పోలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "మీ పిడుగు ఎలా ఉందే, గొంతు వినపడ్డం లేదు ఈమధ్య" అంటుంది. బాగానే ఉందమ్మా, స్నానానికి వెళ్లింది అంటాను. ఎనిమిది నెలలుగా అది స్నానం చేస్తూనే ఉంది. అక్క నర్సు, దానికి మొహం చూడకపోయినా రోగం తెలుస్తుంది. "ఏమే, అక్కడ మనుషులున్నారా అసలు?" అంది ఒకసారి. ఉన్నారు, ఆరు వేల మంది అన్నాను. "నీతో ఉన్నారా అంటున్నా" అంది. టవరు సరిగ్గా లేదక్కా అని పెట్టేశాను. పెట్టేసి ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి, ఏడ్చాను. మాటకి మొహం వాచిపోయాను. పోయినవారం ల్యాబులో ఒక కుర్రాడు "ఎక్స్‌క్యూజ్ మీ" అంటే ఏంటీ అని ఆత్రంగా తిరిగాను. నేను సింకుకి అడ్డం నిలబడ్డానట.

ఒంటిగంటా ఇరవై తొమ్మిది. ఈ పాటికి అది హాల్లోంచి వచ్చేసి, గదికి పోయి, పరుపు చుట్టేసి ఉంటుంది. తాడు కట్టడం దానికి చేతకాదు. మొదటి ఏడాది ఇంటికి పోయేటప్పుడు నేనే కట్టాను, మోకాలు పెట్టి నొక్కి. ఇప్పుడు ఎవరు కడతారు? లేచి తలుపు తోసుకుని పోతే? స్టాంపు సార్ నన్ను పట్టుకోగలడా, మోకాళ్ల నొప్పులాయన. మైదానం దాటి పరిగెత్తితే మూడు నిమిషాలు. దాని ముందు నిలబడి... నిలబడి ఏం అంటాను? పన్నెండో ముసాయిదా లేదు. పైగా ఏడాది పోతుంది. ఇంకో ఏడాది ఈ రెండు బిల్డింగుల మధ్య, ఈసారి నా తర్వాతి బ్యాచ్‌తో, వాళ్లకి నా పేరు కూడా తెలియదు. వద్దు, కూర్చో. బుద్ధిగా కూర్చో. సాక్ష్య చట్టం గుర్తుచేసుకో. ఎవరు చెప్పింది సాక్ష్యం, ఎవరు విన్నది సాక్ష్యం కాదు. పొద్దున కూడా ఏం తినలేదు.

స్టాంపు సార్ డబ్బా మూత పెట్టి లేచాడు. "కుళాయి దాకా వెళ్లి డబ్బా కడుక్కుని వస్తానమ్మా. ఎవరొచ్చినా మాట్లాడకు" అన్నాడు. నేను తలూపాను. ఆయన చెప్పులు వరండా పొడుగునా ఈడ్చుకుంటూ పోయాయి. అప్పుడు వినపడింది. కిటికీ కింద నుంచి, సైకిళ్ల షెడ్డు వైపు నుంచి, ఎవరో పాఠం అప్పజెబుతున్నట్టు గట్టిగా, "ఒకటో ప్రశ్న, మరణ వాంగ్మూలం. పది మార్కులు!" ఆ గొంతు నాకు తెలియకపోవడం ఏమిటి? "రెండోది, పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లుతుందా చెల్లదా. పది మార్కులు!" లేచి కిటికీ దగ్గరికి ఎలా వెళ్లానో నాకు తెలియదు. కింద పిడుగు. జుట్టు కత్తిరించుకుంది, ఎప్పుడు కత్తిరించుకుందో. భుజాన సంచి, చెవి దగ్గర ఫోను, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గేటు వైపు చూస్తోంది. నిజంగానే ఎవరితోనో మాట్లాడుతోందేమో, పేపరు ఎలా ఉందో చెబుతోందేమో, నీకు చెబుతోందని ఎందుకు అనుకుంటావు, నువ్వు ఎవరు దానికి, అనుకున్నాను. "మూడోది నిపుణుల సాక్ష్యం" అంది. "అది నీకు బాగా వచ్చులే. వింటున్నావా, నిద్రపోతున్నావా, సీసా?"

చెవులు మూసుకోవాలని తెలుసు. కిటికీ వేసేయాలని తెలుసు. వేలు కూడా కదల్లేదు. ఎనిమిది నెలలకి ఆ పిలుపు వినపడితే కిటికీ ఎవరు వేస్తారు? "ఆపవే" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. అది పైకి చూసింది, ఫోను దించలేదు.

"మాట్లాడకు, దొరికిపోతావు. నేను చెబుతుంటే విను, చాలు."

"ఆ రీడింగులు నేను కూడా రాశాను" అన్నాను.

అది నోరు తెరిచి నా వంకే చూసింది. "నాకెందుకు చెబుతున్నావే అది? పక్కనే కూర్చున్నాగా."

"మాస్టారుకి చెప్పలేదు."

"అప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తావు? నాలుగోది విను."

"కోపమా?"

"లేకేం, బోలెడుంది." ఫోను చెవి మీంచి కిందికి జారింది, మళ్లీ పెట్టుకుంది. "ప్రశ్న అడిగావని కాదు. లాయరువి, నోరు జారి అడుగుతావు. ఆ రాత్రి కప్పు చేత్తో పట్టుకుని గదికొచ్చి, లైటార్పేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా పడుకున్నావు చూడు. అదీ నా కోపం."

"నువ్వు నిద్రపోయావనుకున్నా."

"దుప్పటి ముసుగేసుకుంటే నిద్రపోయినట్టా? సైన్సు చదివినదానివి, తీసి చూడొద్దూ?"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. "సారీనే" అన్నాను. పదకొండు ముసాయిదాల్లో ఒక్కసారి కూడా ఒంటరిగా రాయని మాట. అది చెప్పు కొనతో నేల మీద ఏదో గీసింది. షెడ్డులో ఎవరిదో సైకిలు పడింది, ఇద్దరం ఉలిక్కిపడ్డాం. "నాలుగోది చెప్పనా, వద్దా?" అంది, కాస్త మెత్తగా. వద్దు అన్నాను. "అయితే పోతున్నా. రెండింటికి బండి వస్తుంది, పరుపు ఇంకా కట్టలేదు." ఫోన్ చేస్తే ఎత్తుతావా అన్నాను. "చెయ్యి ముందు. చూస్తా" అంది. పోతూ పోతూ వెనక్కి తిరుగుతుందేమో అని చూశాను. తిరగలేదు. షెడ్డు మలుపు దగ్గర సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది, అంతవరకే కనపడింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో స్టాంపు సార్. డబ్బాలోంచి నీళ్లు కారి చెప్పుల మీద పడుతున్నాయి. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, డబ్బా తుడుచుకుని, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. పర్యవేక్షణ పత్రమట, గంట అయ్యేలోపు నింపి ఇద్దరం సంతకాలు పెట్టాలి. నా పేరు రాశాడు, నంబరు రాశాడు, ఒంటిగంట నుంచి రెండు దాకా అని రాశాడు. దాని కింద ఒకే ఒక్క ప్రశ్న అచ్చువేసి ఉంది, ఈ వ్యవధిలో అభ్యర్థి ఎవరితోనైనా సంభాషించినదా? పక్కన రెండు గళ్లు, అవును, కాదు. ఎవరితో అని లేదు, ఏం మాట్లాడారు అని లేదు. "కుళాయి పెద్దగా తిప్పానమ్మా. నీళ్ల చప్పుడికి నాకేమీ వినపడలేదు" అన్నాడు, నా మొహం చూడకుండా. పెన్ను కాదు అన్న గడి మీద ఆపి పట్టుకున్నాడు. "కాదు, అంతేగా?"

అంతే సార్ అంటే అయిపోతుంది. రెండు మాటలు. పది నిమిషాల్లో పేపరిస్తారు, మొదటి మూడు ప్రశ్నలు ముందే తెలుసు, దాని సంగతి ఎవరికీ తెలియదు. విన్న మూడూ వదిలేసి మిగతావి రాసుకున్నా సరిపోతుంది, ఛాయిస్ ఉంటుంది, అంత పాపం కూడా కాదు. ఏడాది మిగులుతుంది. నాన్న షాపులో ఇంకో నలుగురికి చెప్పుకుంటాడు. గొంతు దాకా వచ్చింది, నిజంగా వచ్చింది. కానీ ఆ గడి మీద టిక్కు పడి, దాని కింద నేను సంతకం పెడితే, పై ముద్ర ఈయనే వేస్తాడు, ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, ఇక ఈ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నన్నెవరూ పిలవలేదు. ఎనిమిది నెలల్లో నాతో ఒక మనిషి మాట్లాడినది ఇదొక్కటే, దాన్ని జరగలేదని నా చేత్తో నేనే రాయాలి. ఆ పని నావల్ల కాదు. నీతీ లేదు, నిజాయితీ లేదు, అంత గొప్పదాన్ని కాదు నేను. నావల్ల కాదు, అంతే.

"మాట్లాడాను సార్" అన్నాను.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ఇంకోసారి ఆలోచించుకో తల్లీ. ఏడాది పోతుంది. నీకు తోడు కూడా ఎవరూ లేరు ఆ కోర్సులో."

"తెలుసు సార్."

పెన్ను నేనే తీసుకున్నాను. టిక్కు కాస్త పక్కకి పోయింది, అయినా అవును అన్న గడిలోనే పడింది. సంతకం పెట్టాను, టైము దగ్గర ఒంటిగంటా యాభై రెండు అని వేశాను. ఆయన కాగితం తిప్పి చూసుకున్నాడు, ముద్ర వేయడానికి చెయ్యెత్తి ఆగాడు. ఆ కాగితంలో ఎక్కడా లేని ప్రశ్న ఒకటి అడిగాడు.

"ఎవరితోనమ్మా?"

"నా ఫ్రెండుతో సార్" అన్నాను.